ఎండకి పెట్టకూడని డబ్బా

సంత్రాగాఛి,
2 ఏప్రిల్ 2024

సునీతమ్మకి,

పేపర్లో నీ ఫొటో పడిందని మీ నాన్న అప్పలసూరి కత్తిరించి పోస్టులో పంపినాడు. చెవులు పూర్తిగా పోయాక నాకు ఫోను ఎందుకూ పనికిరాకుండా పోనాది గానీ, ఉత్తరాలొచ్చీవి ఎక్కువైనాయి, అదొక లాభం. ఆ బొమ్మలో తెల్ల చేతిజోళ్ళేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, చంటిబిడ్డకి నీళ్ళు పోసీవాళ్ళలాగ ఎంత జాగ్రత్తగా పట్టుకున్నావే ఆ ఫిల్ముని. పాడాలో, అదే మా పేటలో, బెంగాలీ వదినలు బౌదీలందరికీ చూపించీసినాను. మా తమ్ముడి కూతురు, చెన్నైలో పాత సినిమాలకి డాక్టరు అని చెప్పినాను. ఏటి చదివితే ఆ డాక్టరవుతారు అని ఒకావిడ అడిగినాది. నాకేటి తెలుసు, అది నువ్వే రాయి.

ఇక్కడ ఎండలు మండిపోతన్నాయి. మా అబ్బాయి ఉమామహేశ్ పొద్దున్నే రైలు షెడ్డు డ్యూటీకి వెళ్ళిపోతాడు, కోడలు బడికి వెళ్ళిపోతాది, నేను ఛాద్ మీద, అదే మేడ మీద కూర్చుని వడియాలు పెట్టుకుంటన్నాను. గుమ్మడి వడియాలు ఈ ఏడు బాగా కుదిరినాయి. పచ్చిమిర్చి కాస్త ఎక్కువైనాది గానీ నీకు కారం ఇష్టమే కదా, మీ ఊరెళ్ళే వాళ్ళెవరైనా దొరికితే పంపుతాను.

అసలు సంగతి ఇది. వడియాలతో పాటు మా అయ్య డబ్బాలు కూడా ఎండకి పెట్టినాను. మా అయ్య, అదే మీ తాత బైరాగి, హౌరాలో సినిమా హాల్లో మిషను నడిపీవోడని నీకు తెలుసు. పోయీటప్పుడు నాకు మూడు రేకు డబ్బాలు వదిలినాడు. అన్నీ ఆయన కాలం నాటి ఫిల్ములే. ఏటా ఇక్కడి బెంగాలీ చైత్రంలో వాటిని పట్టుచీరలతో పాటు ఎండకి పెడతాను. సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి, పాలితిన్ కవర్లో గాలి దూరకుండా చుట్టి, ట్రంకుపెట్టెలో అడుక్కి పెట్టీస్తాను. ఈ ఊరి తేమకి మనుషులే బూజు పట్టిపోతారు, ఇంక ఫిల్ము సంగతి చెప్పాలేటి.

ఆ డబ్బాల్లో ఒకదాన్లో మా అమ్మ ఉన్నాది.

నవ్వకు. మా అమ్మ అప్పమ్మ నాకు రెండేళ్ళప్పుడే పోనాది. ఫొటో లేదు, ఒక్కటంటే ఒక్కటి లేదు. తరవాత వచ్చిన మీ నాయనమ్మ నన్ను కన్నబిడ్డలాగే పెంచినాది, ఆమెని నేనొక్క మాట అనను. అయినా కన్నతల్లి మొహం ఎలగుంటాదో తెలీకుండా డెబ్భై అయిదేళ్ళొచ్చీసినాయి నాకు. అద్దంలో చూసుకుని ఈ ముక్కు ఆవిడదేనా, ఈ గడ్డం ఆవిడదేనా అని ఎన్నిసార్లు అనుకున్నానో. మా అయ్యకి కేమరా పట్టీ బెంగాలీ స్నేహితుడొకడు ఉండీవోడట. స్టూడియోలో మిగిలిపోయిన ఫిల్ము ముక్కలు పట్టుకొచ్చి, మన తెలుగోళ్ళ ఇళ్ళ వరస, తెలుగు లైన్లో ఆడవాళ్ళని కొళాయి దగ్గర తీసినాడట. అందులో మీ అమ్మ ఉన్నాది, ఒకరోజు చూపిస్తానులే అని మా అయ్య అంటూనే ఉండీవోడు. ఈలోగా హాల్లో కొత్త మిషను వచ్చినాది. పాత ఫిల్ము దాన్లో ఎక్కించడానికి మేనేజరు ఒప్పుకోలేదు. చూపించకుండానే పోనాడు.

ఈ ఏడు డబ్బాలు తీస్తే ఒకదాన్లోంచి ఘాటు వాసన కొట్టి ముక్కు మండిపోనాది. లోపల ఫిల్మంతా ముదురు పాకంలాగ జిగురు కట్టి, పైన నురగ ఉన్నాది. రెండోదాన్లో గోధుమరంగు పొడి తప్ప ఏటీ లేదు. మూడోది మాత్రం చుట్ట చుట్టలాగే ఉన్నాది. మా అమ్మ ఏ డబ్బాలో ఉన్నాదో మా అయ్య చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఆ జిగురుని దేంతో కడగాలి? కొబ్బరినూనె రాయొచ్చా? చెవులు ఎలాగూ పోనాయి, కళ్ళు కూడా మసకలేస్తన్నాయి. అవీ పోకముందు మా అమ్మని ఒక్కసారి చూపించు తల్లీ, నీకు పుణ్యముంటాది.

మీ నాన్నని మందులు వేళకి వేసుకోమను.

నీ మీద కొండంత గొప్పలు చెప్పుకుంటన్న అత్త,
సువర్ణ


చెన్నై,
8 ఏప్రిల్ 2024

అత్తా,

నీ ఉత్తరం సగంలో ఆపేసి ఉమామహేశ్ బావకి ఫోన్ చేశాను. నీకు చెప్పకుండా చేశానని కోప్పడకు. ఇది నీ చేతికి రావడానికి వారం పడుతుంది. ఆ వారం రోజులూ ఆ డబ్బాలు మీ ఇంట్లో ఉంటాయంటే నాకు నిద్ర పట్టదు.

తాతయ్య పనిచేసిన రోజుల్లో సినిమా ఫిల్ము ఇప్పటిలాంటిది కాదు. దాన్ని నైట్రేట్ ఫిల్ము అంటాం. తుపాకిమందుకి అది దగ్గర చుట్టం. పాతబడి పాడవుతున్నకొద్దీ లోపల్లోపల వేడెక్కుతుంది. బాగా పాడైనదైతే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, వేసవి ఎండ చాలు. ఒకసారి అంటుకుంటే ఇసక కప్పినా ఆగదు, నీళ్ళు పోసినా ఆగదు, మండడానికి కావలసిన గాలి దాన్లోంచే వస్తుంది. ఆ పొగ పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. నువ్వేమో ఏటా దాన్ని ఎండకి పెట్టి, ఆ తర్వాత గాలి ఆడకుండా బిగించి ట్రంకులో దాచావు. మా పుస్తకాల్లో చెయ్యకూడదని రాసిన పనులే ఇవి రెండూ. లాబ్‌లో చెబితే ఎవరూ నమ్మలేదు. మా పెద్దసారు నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుని, మీ అత్తగారిని ఒకసారి చూడాలి అన్నారు. అంత ప్రాణంగా దాచినందుకు దండం పెట్టాలో, దాచిన పద్ధతికి తల కొట్టుకోవాలో తెలియలేదు మాకు.

బావకి చెప్పినవే నీకూ రాస్తున్నాను. డబ్బాలు మూడింటినీ ఇంట్లోంచి తీసి, మనుషులు తిరగని చోట, నీడలో, ఒకదానికొకటి దూరంగా పెట్టండి. పాలితిన్ తీసెయ్యండి, లోపలి ఆవిరి బయటికి పోవాలి. మూత బిగుసుకుపోయి ఉంటే వదిలెయ్యండి. దగ్గర్లో బీడీ, అగరొత్తి, దీపం ఏవీ వద్దు. కొబ్బరినూనె మాట మరిచిపో. జిగురైపోయిందీ, పొడైపోయిందీ ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. వాటిని నిండా నీళ్ళలో ముంచి, ఆ నీళ్ళతోనే ఫైర్ వాళ్ళకి అప్పగించాలి. మండుతుంటే నీళ్ళు పనికిరావు గానీ, మండకముందు నీళ్ళలో ఉంటే వేడెక్కదు. చెత్తకుండీలో వెయ్యకూడదు, మనమే కాల్చెయ్యనూ కూడదు.

మూడోది నాకు వదిలెయ్యి. దాన్ని మాత్రం రైల్లో ఎవరి చేతికీ ఇచ్చి పంపొద్దు. మన ఇంట్లో ఆవకాయ నుంచి కుక్కరు దాకా తెలిసిన రైలు గార్డు బాబాయిల చేతే ఊళ్ళు తిరుగుతాయని నాకు తెలుసు. ఇది అలాంటి సామాను కాదు. రైలు నిండా జనం ఉంటారు.

నేను చదివింది కెమిస్ట్రీ అని ఆ బౌదీకి చెప్పు. డాక్టరు అని మాత్రం చెప్పకు, రేపు బీపీ చూడమంటుంది.

అత్తా, ఏం పోయినా పర్వాలేదు. నువ్వు క్షేమంగా ఉండాలి, నాకు అంతే.

సునీత


సంత్రాగాఛి,
17 ఏప్రిల్ 2024

సునీతా,

నువ్వు చెప్పీకన్నా ముందే అంతా అయిపోనాది. నీ ఉత్తరం నిన్న వచ్చినాది.

ఆవేళ ఉమామహేశ్ డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చినాడు. నా మొహం కూడా చూడకుండా ట్రంకుపెట్టె తెరిచి, డబ్బాలు తీసి, వెనకాల గోడవతల నీడలో పెట్టినాడు. ఏటిరా అంటే పెదాలు ఆడిస్తన్నాడు గానీ నాకేటి వినిపిస్తాది. లైన్లో వాళ్ళందరినీ గ్రౌండులోకి తరిమీసినాడు. కాసేపటికి ఎర్రబండి వచ్చినాది, దమ్‌కల్ వాళ్ళు, అదే నువ్వు రాసిన ఫైర్ వాళ్ళు. ఈ ఊళ్ళో దమ్‌కల్ బండి వచ్చిందంటే ఎవరి ఇల్లో కాలిపోతన్నట్టే లెక్క. నేను మా ఇంటివైపు చూస్తే పొగ లేదు, మంట లేదు. వాళ్ళు మాత్రం పెద్ద డ్రమ్ములో నీళ్ళు నింపి, మా అయ్య డబ్బాలు అందులో ముంచీసినారు. నేనేటనుకుంటాను? మా అమ్మని ముంచీసినారనే అనుకున్నాను. అక్కడే నేల మీద కూర్చున్నాను.

పని చక్కగా చేసినారు, కాదనను. వాళ్ళలో పొడుగాటి ఆఫీసరు ఒకడు నా దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. నాకు చెవులు లేవని తెలిసి, చేతులతో చూపించి చూపించి చెప్పినాడు. ఆ డబ్బాల్ని మోసినవోడు కూడా దేవుడి పల్లకీ మోసినట్టు నెమ్మదిగా మోసినాడు, విసిరీలేదు. మనం పిన్నీ అన్నట్టు మాషీమా మాషీమా అని నాకు గొడుగు పట్టినారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

కోపం నీ మీద. ఏం పోయినా పర్వాలేదు అని రాసినావు. ఎలగ రాయగలిగినావు ఆ మాట? నాకున్నదే అదొక్కటి అని అంత చెప్పి రాసినాను కదా. నీకేటిలే, మీ నాయనమ్మ కాదు కదా ఆవిడ. మీ నాయనమ్మ ఫొటో మీ హాల్లో దండ వేసుకుని ఉన్నాది. మీ నాయనమ్మే అయితే ఏం పోయినా పర్వాలేదు అని రాసీదానివా?

వాళ్ళు పట్టుకెళ్ళినవి రెండు డబ్బాలే. జిగురుదీ, పొడిదీ. ఉమామహేశ్ దమ్‌కల్‌కి ఫోను చేస్తన్నప్పుడు మూడోది నేను కొంగులో పెట్టుకుని వెళ్ళిపోనాను. ఎక్కడ పెట్టినానో వాడికి చెప్పలేదు, నీకూ చెప్పను. మా ఇంట్లో లేదు, వేరే వాళ్ళ ఇంట్లోనూ లేదు, ఎండలోనూ లేదు. అంతవరకు తెలిస్తే చాలు.

వడియాలు డబ్బాలో పోసి పెట్టినాను. నీకు పంపుతానో లేదో తెలీదు.

సువర్ణ


చెన్నై,
24 ఏప్రిల్ 2024

అత్తా,

నీ ఉత్తరం అందింది. నాన్న అడిగితే వడియాల సంగతి రాసిందని చెప్పాను.

ఆవిడ మా నాయనమ్మ కాదు, నిజమే. అప్పమ్మగారు ఎలా ఉంటారో నీకు తెలియనట్టే నాకూ తెలియదు. కానీ నువ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు నువ్వు నన్ను లాంచీ ఎక్కించి గంగ మీద తిప్పి, హౌరాలో తాళాలేసి ఉన్న ఆ సినిమా హాలు ముందు నిలబెట్టి, మీ తాత ఇక్కడ మిషను నడిపీవోడు, వెలుగు ఆయన చేతిలో ఉండీది అని చెప్పావు. నాతోపాటు చదివిన వాళ్ళందరూ మందుల కంపెనీల్లో చేరితే నేను ఈ కంపు కొట్టే డబ్బాల దగ్గరికి ఎందుకొచ్చాననుకున్నావు? ఆవేళ నువ్వు చెప్పిన మాట వల్లే. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఏం పోయినా పర్వాలేదు అన్నది ఎందుకో కూడా విను. మా లాబ్‌లో ఒకాయన ఉన్నారు. మంచి పనివాడు. ఇలాంటి డబ్బానే మూత తెరుస్తుంటే భగ్గుమంది. ఇప్పుడు ఆయన రెండు చేతులకీ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. మాకు రోజూ పాఠం చెప్పేది ఆయనే. ఆ చేతులు చూసి, నీ ఛాద్ తలుచుకుని రాశానా మాట. నీకు అది ఇంకోలా వినిపిస్తుందని నాకు తట్టలేదు.

అత్తా, కొంగులో పెట్టుకుని వెళ్ళావా నువ్వు? దమ్‌కల్ వాళ్ళు వచ్చేలోపే? ఈ ఒక్క సంగతీ నాన్నకి చెబితే, మా అక్క మా అక్కే అని నవ్వుతూనే ఉన్నాడు. కలకత్తాలో ఎండ నలభై దాటిందని టీవీలో చూపిస్తున్నారు. డబ్బా ఎక్కడుందో బావకి చెప్పకపోయినా సరే, నాకు చెప్పు. అది చల్లగా ఉందా, దగ్గర మనుషులు ఎవరైనా పడుకుంటారా, ఈ రెండే చెప్పు.

నేను మే నెలలో వస్తున్నాను, టిక్కెట్టు తీసుకున్నాను. కలకత్తా టాలీగంజ్‌లో నాకు తెలిసిన వాళ్ళ ఫిల్ము లాబ్ ఉంది, అక్కడ గది ఇస్తామన్నారు. నీకు గొడుగు పట్టిన ఆ ఆఫీసరు నంబరు బావ ఇచ్చాడు, మాట్లాడాను. మాషీమా డబ్బా దాచేశారని చెబితే, ఆరోజే నాకు అనుమానం వచ్చింది అన్నాడు. కోప్పడలేదు. తన బండిలోనే దాన్ని టాలీగంజ్ చేరుస్తానన్నాడు. దాన్ని ముంచెయ్యరు, అత్తా. నా మాట నమ్ము.

నీ మేనకోడలు
సునీత


సంత్రాగాఛి,
30 ఏప్రిల్ 2024

సునీతమ్మకి,

ఆ పాఠం చెప్పీ ఆయన చేతుల మాట చదివి అన్నం తినబుద్ధి కాలేదు. నాకెవరూ ముందు చెప్పలేదే ఇదంతా. మా అయ్య బతికున్నప్పుడు డబ్బాల దగ్గర బీడీ కాల్చొద్దనీవోడు, అదొక్కటే నాకు తెలుసు. ఛాద్ మీద వాటి పక్కనే పక్కింటి పిల్లలు గాలిపటాలెగరేసీవారు. నువ్వు ఫోను చేయడం మంచిదైనాది. ఉమామహేశ్‌ని కూడా తిట్టీసినాను, వాడికి సారీ చెప్పను గానీ నిన్న రొయ్యల కూర చేసి పెట్టినాను.

డబ్బా చేపల బౌదీ, అదే బజార్లో చేపలమ్మీ ఆవిడ దగ్గర ఉన్నాది. బజారు వెనకాల ఐసు దిమ్మలు దాచీ కొట్టు ఉన్నాది కదా, దాన్లో. మనుషులెవరూ పడుకోరు, చలికి ఉండలేరు. వేడి పడదని ఉమామహేశ్ ఆవేళ సైగలు చేసినాడు, అంచేత చల్లటి చోటు ఎక్కడున్నాదా అని ఆలోచించినాను. నాకు తెలిసిన చల్లటి చోటు అదొక్కటే. తడి తగలకుండా స్టీలు అన్నం క్యారేజీలో పెట్టి, ఆ క్యారేజీని గోనెలో చుట్టి, పైన చెక్కల మీద పెట్టించినాను. లోపలేటున్నాదని బౌదీ అడగలేదు. మా అమ్మ అని చెప్పినాను. ఆవిడ తలూపి, కొట్టు తాళం చెవి నా చేతిలో పెట్టీసినాది. రోజూ పొద్దున్న వెళ్ళి చూసి వస్తన్నాను. చేపల కంపు పట్టిందేమో మా అమ్మకి, ఏటనుకుంటాదో ఏటో.

నువ్వు లాంచీ సంగతి రాసినావు చూడు, అది నేను మరిచేపోయినాను. దానికోసం ఇంత చదువు చదివినావా? పిచ్చిపిల్ల. ఆ కాగితం బౌదీలకి చూపించలేదు, దిండు కింద పెట్టుకున్నాను.

మీ నాయనమ్మ పేరెత్తి నిన్ను అన్నాను కదా, ఆ మాట తీసీయి. కోపంలో నోరు ఊరుకోదు నాకు.

రా. కోరమండల్ ఎక్కితే సంత్రాగాఛిలోనే దిగొచ్చు, షాలిమార్ దాకా వెళ్ళకు. బీరకాయలు దొరుకుతన్నాయి, నీకిష్టమైన పచ్చడి చేస్తాను.

చేపల కొట్టుకి కాపలా కాస్తన్న
మీ అత్త


చెన్నై,
3 జూన్ 2024

అత్తా,

క్షేమంగా చేరాను. వడియాల డబ్బా కూడా చేరింది, నాన్న సగం ఖాళీ చేసేశాడు.

టాలీగంజ్‌లో నిన్ను గదిలోకి రానివ్వకుండా వరండాలో కూర్చోబెట్టినందుకు నీకు కోపంగానే ఉందని తెలుసు. లోపల ఏం జరిగిందో చెబుతాను విను. కిటికీలన్నీ తీసి, ఫ్యాను కూడా వెయ్యకుండా పగటి వెలుతుర్లో పని చేశాం. చల్లటి డబ్బాని వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. అందుకే అంతసేపు దాన్ని ఊరికే బల్లమీద పెట్టి కూర్చున్నాం, నువ్వు నాలుగుసార్లు తలుపు కొట్టింది అప్పుడే. తర్వాత మూత తీశాం. పై చుట్టలన్నీ అంటుకుపోయి ఉన్నాయి. వాటిని విడదియ్యలేం. కోసి నీళ్ళలో వేసి, మీ పొడుగు ఆఫీసరుకి అప్పగించాం. లోపలి చుట్టలు మాత్రం బాగున్నాయి. ఎండలకి పై చుట్టలు ముందు పాడై, లోపలివాటిని కాపాడాయని నా ఊహ. ఈ వేసవి నువ్వు దాన్ని ఐసుకొట్టులో పెట్టకపోయి ఉంటే అవీ దక్కేవి కావు. మా పెద్దసారు ఆ క్యారేజీ ఫొటో మా పాఠంలో పెట్టారు. మంచి ఉపాయానికి ఉదాహరణ అని. చేపల బజారులో పెట్టడం మాత్రం ఎవరూ చెయ్యకండని కూడా చెప్పారులే.

ఫిల్ము కుంచించుకుపోయింది, ఏ మిషనులోనూ పట్టదు. అందుకే చేత్తో నెమ్మదిగా జరుపుకుంటూ ఒక్కొక్క బొమ్మనీ విడిగా ఫొటో తీసి, తర్వాత కలిపాం. మొత్తం ఆడేది ఒక్క నిమిషం పైచిలుకు. కొళాయి ఉంది, అత్తా. ఇత్తడి బిందెలు ఉన్నాయి. లైన్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరే కేమరా వైపు చూస్తున్నారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. తాతయ్య చెప్పింది నిజమే.

ఆరుగురి మొహాలు బాగా వచ్చాయి. వాటిని పెద్దవిగా అచ్చు వేయించి ఇందులో పెట్టాను. నువ్వు చూడగానే గుర్తుపడతావు కదా. నాకు మాత్రం ముక్కుపుడకతో గట్టిగా నవ్వుతున్నావిడే అనిపిస్తోంది. తాతయ్య భార్య అంటే అలాగే ఉండాలి. చివర్లో ఇంకొకావిడ ఉంది గానీ పక్కకి తిరిగి ఉంది, మొహం సరిగ్గా పడలేదు, అక్కడ మరకలు కూడా ఉన్నాయి. అది అచ్చు వేయించలేదు. మొత్తం ఫిల్ము పెన్ డ్రైవ్‌లో ఉంది, బావని టీవీలో పెట్టమను.

అసలు ఫిల్ము అనుమతులన్నీ తీసుకుని మా చల్లగదిలో పెట్టాం. కొత్త డబ్బా, గాలి ఆడేది. పైన పేరు రాయాలి. ఫిల్ము అంచున ఉన్న గుర్తుల్ని బట్టి, ప్రస్తుతానికి కొళాయి దగ్గర ఆడవాళ్ళు, హౌరా, 1950 అని రాసి ఉంచాను. మీ అమ్మగారు ఎవరో నువ్వు చెప్పాక సరిగ్గా రాస్తాను.

సునీత


సంత్రాగాఛి,
19 జూన్ 2024

సునీతమ్మకి,

నీ ఫొటోలు వచ్చిన రోజు చాప మీద పరుచుకుని కూర్చున్నాను. ఆరుగురినీ చూసినాను. ఒక్కర్తినీ గుర్తుపట్టలేదు.

చూడగానే గుర్తుపడతానని నువ్వెలగ అనుకున్నావో గానీ, రెండేళ్ళ పిల్లకేటి గుర్తుంటాది తల్లీ. నువ్వు అంత కష్టపడి పంపినావు, నాకు తెలీదు అని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ముక్కుపుడకావిడే మా అమ్మ అనుకుందామనుకున్నాను. ఆవిడ ఫొటో దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టినాను. రెండు రోజులు అలగే పెట్టినాను. ఆవిడ నవ్వుతానే ఉన్నాది, చక్కటి మనిషి, అయినా నాకు ఏటీ అనిపించలేదు. ఇంత చేసి, ఇందరు చేసి, ఆఖరికి ఎవరో తెలీకుండానే మిగిలిపోనాది అనుకుని పడుకుని ఏడ్చినాను.

ఆదివారం ఉమామహేశ్‌కి సెలవు. పెన్ డ్రైవ్ టీవీకి పెట్టినాడు. చేపల బౌదీని కూడా పిలిచినాను, ఆవిడకి హక్కున్నాది. బొమ్మలు కదులుతుంటే వేరేగా ఉన్నాది సునీతా. ఎండలో కొళాయి నీళ్ళు కారుతన్నాయి. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటన్నారు. ఒకావిడ సిగ్గుపడి బిందె వెనకాల దాక్కున్నాది. ముక్కుపుడకావిడ కేమరా దగ్గరికొచ్చి ఏదో అడుగుతన్నాది. చెవులు లేకపోయినా నాకేటి లోటు లేదు, ఎవరికీ వినిపించని బొమ్మే కదా అది.

ఆఖర్న వచ్చినాది, నువ్వు మొహం పడలేదని వదిలీసినావిడ. చంకలో చంటిపిల్ల ఉన్నాది. ఆ ఏడు లైన్లో చంటిపిల్ల ఉన్న ఇల్లు మాదొక్కటేనని మా అయ్య అనీవోడు, రాత్రంతా ఏడిచి అందరి నిద్రా చెడగొట్టీదానివి నువ్వు అని. ఆ పిల్ల కేమరాని చూసి బెదిరిపోయి ఏడుపు మొదలెట్టినాది. ఆవిడ కొంగు తీసి పిల్ల మొహం మీద ఎండ పడకుండా అడ్డం పెట్టినాది. కేమరా పట్టినవోడు ఇటు చూడమని చెయ్యి ఊపినట్టున్నాడు, పక్కావిడ భుజం తట్టి చెప్పినాది కూడా. ఆవిడ తిరగలేదు.

ఉమామహేశ్‌చేత మళ్ళీ వేయించినాను. మళ్ళీ వేయించినాను. బౌదీ నా చెయ్యి పట్టుకుని ఉన్నాది. వాడు ఇంక చాలమ్మా, కళ్ళు పోతాయి అన్నాడు కాబోలు, నేనటు చూడలేదు.

ఆ ముక్కుపుడకావిడ ఎవరో గానీ, ఆవిడ ఫొటో కూడా తియ్యను, ఉండనీ. కానీ ఆ చివరి బొమ్మ నాకు అచ్చేసి పంపు. మరకలుంటే ఉండనీ. నీ డబ్బా మీద అప్పమ్మ అని రాయి.

కొళాయి దగ్గర అందరూ కేమరాని చూసినారమ్మా. మా అమ్మ ఒక్కర్తే చూడలేదు. ఉన్నంతసేపూ నన్నే చూసినాది.

అప్పమ్మ కూతురు,
సువర్ణ